మొదటి పన్నెండు వందల మైళ్లు

కారు తెచ్చుకున్న రోజుకి మా పాప వయసు ఇరవై తొమ్మిది రోజులు. రెండూ ఇలా కలిసి రావాలని ఎవరూ అనుకోలేదు. కారు ఆర్డర్ పెట్టి పద్నాలుగు నెలలైంది. అప్పటికి పాప సంగతి మాకే తెలియదు. ఫ్యాక్టరీలో కొంత, ఓడలో కొంత, రేవులో కొంత ఆలస్యమై, మా ఇద్దరిలో ఎవరమూ వరుసగా రెండు గంటలు నిద్రపోని నెలలో డీలర్ ఫోన్ చేశాడు. మీ కారు వచ్చింది, ఎప్పుడు తీసుకెళ్తారు అని అడిగాడు.

"ఒకే నెలలో రెండు డెలివరీలు," అంది నా భార్య, పాపని భుజాన వేసుకుని వీపు నిమురుతూ. "ఒకదానికి నేను కష్టపడ్డాను. రెండోదానికి నువ్వు పడు."

ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, చేత్తో వేసే ఆరు గేర్లు, నాలుగు తలుపులు. మొదటి మూడూ నేను కోరుకున్నవి. నాలుగోది తను పెట్టిన షరతు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పిస్టన్ రింగుల అరుగుదల మీద చేశాను. ఆరేళ్లుగా చేస్తున్న పని మాత్రం ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఫారాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టులు రాయడం. ఇన్నాళ్లలో ఒక్క ఇంజిన్‌నైనా విప్పి చూసింది లేదు. ఈ కారు ఎందుకు కొన్నావని అడిగితే ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

కొత్త ఇంజిన్‌ని మొదటి పన్నెండు వందల మైళ్లు జాగ్రత్తగా నడపాలి. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలో కంటికి ఆనని సన్నటి గీతలు అడ్డదిడ్డంగా గీసి వదులుతారు. పిస్టన్ రింగులు ఆ గీతల మీద రాసుకుంటూ గోడకి సరిగ్గా అతికేలా అరుగుతాయి. మరీ గట్టిగా తొక్కితే గోడలు గీసుకుపోతాయి. మరీ మెత్తగా నడిపితే రింగులు అతకవు, బతికినంత కాలం ఆ ఇంజిన్ నూనె తాగుతూనే ఉంటుంది. కాబట్టి ఇంజిన్ మీద బరువు పడాలి, తగ్గాలి, మళ్లీ పడాలి. కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్న సూచనలు నాకు కంఠతా వచ్చు. ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, అంటే ఆర్‌పిఎం, నాలుగు వేల ఐదు వందలు దాటకూడదు. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కకూడదు. నూనె వేడెక్కేదాకా రెండు వేల ఐదు వందలు మించకూడదు. మొదటి రెండు వందల మైళ్లు బ్రేక్ గట్టిగా వేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకే వేగంతో ఎక్కువసేపు పోకూడదు. వేగాన్ని దానంతట అదే ఒకచోట నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ జోలికే వెళ్లకూడదు.

మొదటి వారం అది గరాజ్‌లోనే ఉంది. ఆఫీస్ పని ఇంటి నుంచే. డైపర్లు ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తున్నారు. పాలు కాచడానికి కిందికి వచ్చినప్పుడు గరాజ్ తలుపు తీసి ఒకసారి చూసి, మళ్లీ వేసేసేవాణ్ణి.

ఐదో వారం చెకప్‌లో నా భార్య బీపీ నూట యాభై రెండు, కింద తొంభై ఎనిమిది. నర్సు ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. రెండోసారీ అంతే. కాన్పప్పుడు కూడా బీపీ పెరిగితే తనని రెండు రోజులు విడిగా, దీపాలు తగ్గించిన గదిలో, చేతికి సూది పెట్టి ఉంచారు. ఆ రెండు రోజులు పాప తన దగ్గర లేదు. డాక్టర్ మాత్రలు రాసి, ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకోమని చెప్పి, అడిగింది:

"రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?"

నా ఫోన్‌లో లెక్క ఉంది. "మొత్తం నాలుగున్నర. ముక్కలుగా," అన్నాను.

"ముక్కలు కాదు. వరుసగా నాలుగు గంటలు, ప్రతి రోజూ. మందు ఎంత ముఖ్యమో అదీ అంతే. రెండు వారాల్లో మళ్లీ రండి. అప్పటికీ దిగకపోతే అడ్మిట్ చేసుకుంటాను. ఈలోపు తలనొప్పి గానీ, కళ్లు మసకలు గానీ వస్తే ఆగకుండా వచ్చేయండి."

తిరిగి వస్తున్నప్పుడు వెనక సీట్లో పాప పక్కన కూర్చుని నా భార్య ఒక్క మాటే అంది. "నేను మళ్లీ ఆ గదికి వెళ్లను. నువ్వేం చేస్తావో నాకు తెలీదు."

నేనేం చేయాలో నాకూ తెలియలేదు. అమెరికాలో ఈ నేపర్‌విల్‌లో మేముండేది టౌన్‌హౌస్, పక్కపక్కన అతికించి కట్టిన ఇళ్లలో ఒకటి. గోడలు పల్చన. పాప సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నర దాకా ఏడుస్తుంది. ఆ నాలుగు గంటలూ నేను కింద హాల్లో ఎత్తుకుని తిప్పినా, పైన తలుపు వేసుకుని పడుకున్న తల్లికి ప్రతి ఏడుపూ వినిపిస్తుంది. పది నిమిషాల్లో మెట్ల మీద ప్రత్యక్షమవుతుంది. "పడుకోలేను రా. ఏడుస్తోంది కదా." రెండు రోజులు అలాగే పోయాయి. మూడో రోజు గమనించాను. చెకప్ నుంచి వస్తున్నప్పుడు ఆ ఇరవై నిమిషాలూ పాప ఏడవలేదు.

నా పాత కారు డీలర్‌కే ఇచ్చేశాం. నా భార్య కారు లీజు చలికాలంలోనే అయిపోయింది, ఎలాగూ సెలవులో ఉంటుంది కదా అని ఇంకొకటి తీసుకోలేదు. ఇంట్లో ఉన్నది ఈ కొత్త కారు ఒక్కటే.

అలా మొదలైంది. నాలుగు గంటలకి ఆఫీస్ లాప్‌టాప్ మూస్తాను. నాలుగున్నరకి పాపని కార్‌సీట్‌లో కట్టి, సీసాలో పోసిన తల్లి పాలు చల్లగా ఉంచే సంచిలో పెట్టుకుని బయల్దేరతాను. నా భార్య ఫోన్ ఆఫ్ చేసి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటుంది. కార్‌సీట్‌లో చంటిపిల్లల్ని ఎక్కువసేపు ఉంచకూడదని నర్సు చెప్పింది కాబట్టి గంటకోసారి ఏదో ఒక పార్క్ దగ్గర ఆపి, పాపని బయటికి తీసి, పావుగంట భుజాన వేసుకుని నడుస్తాను. ఎనిమిదిన్నరకి ఇల్లు. జూన్ నెల కాబట్టి అప్పటికీ ఇంకా వెలుగుంటుంది.

మా ఊరు దాటి పడమటికి వెళ్తే అరగంటలో ఇళ్లు అయిపోయి మొక్కజొన్న చేలు మొదలవుతాయి. అప్పటికి మొక్కలు మోకాలెత్తు. రోడ్లు గీత గీసినట్టు ఉంటాయి. కొండలు లేవు, ఎత్తుపల్లాలు లేవు, మలుపులు లేవు. ఇంజిన్ మీద బరువు మారాలంటే మార్చాల్సింది నేనే. మొదటి రోజు పుస్తకంలో రాసినట్టే నడిపాను. మూడో గేర్‌లో మూడు వేల ఐదు వందల దాకా తీసుకెళ్లి, యాక్సిలరేటర్ వదిలి, రెండు వేలకి దిగేదాకా ఆగి, మళ్లీ. ఇలా పది సార్లు. ఇంజిన్‌కి ఇంతకంటే మంచిది లేదు. పాపకి ఇంతకంటే చెడ్డదీ లేదు. వేగం మారినప్పుడల్లా తల కాస్త కదిలేది, కళ్లు తెరిచేది, పెదవి వంకర తిరిగేది.

రెండు రోజుల్లో పాప సూచనలు కూడా తెలిశాయి. సిగ్నల్ దగ్గర ఇరవై సెకన్లు ఆగితే కళ్లు తెరుస్తుంది, నలభై అయితే ఏడుపు. గేర్ మార్చేటప్పుడు క్లచ్ ఒక్క వెంట్రుకవాసి తొందరగా వదిలినా తెలిసిపోతుంది. కిటికీ తెరిస్తే ఊరుకోదు. అన్నిటికంటే ముఖ్యం, వేగం మారకూడదు. గంటకి యాభై ఐదు మైళ్ల దగ్గర పెట్టి కదలకుండా ఉంచితే నాలుగు నిమిషాల్లో పిడికిళ్లు విడిపోయి నిద్రపోతుంది.

రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాను. మధ్యే మార్గం ఒకటి దొరికింది. నలభై ఎనిమిది నుంచి అరవై దాకా, ఒక్కో మైలు చొప్పున, పాపకి తెలియకుండా పెంచాలి. ఐదు నిమిషాలు తీసుకోవాలి. తర్వాత గేర్ దింపి, ఒక్కో మైలు చొప్పున తగ్గించాలి. ఇంకో ఐదు నిమిషాలు. గంటకి ఇలా ఆరు చుట్లు. కాలి బొటనవేలితో చేసే పని అది. రాత్రుళ్లు రెండేసి గంటలకి లేచి పాలు పట్టి, పొద్దున ఏడింటి నుంచి నాలుగింటి దాకా స్క్రీన్ ముందు కూర్చుని, ఆ తర్వాత చేసే పని.

అన్నీ ఒక షీట్‌లో రాసేవాణ్ణి. తేదీ, మైళ్లు, ఎక్కిన గరిష్ఠ ఆర్‌పిఎం, నూనె వేడి, పాప పడుకున్న నిమిషాలు, పాప తాగిన పాలు, తల్లి పడుకున్న గంటలు, తల్లి బీపీ. మొదటి రోజు తల్లి నిద్ర రెండు గంటల పది నిమిషాలు. రెండో రోజు మూడు. మూడో రోజు మూడు గంటల నలభై. బీపీ నూట నలభై ఆరుకి దిగింది. నాలుగో రోజు వచ్చేసరికి తను వంటింట్లో నిలబడి పెరుగన్నం తింటోంది. మొహం మీద దిండు గీతలు ఉన్నాయి.

"నాలుగు గంటలు పడుకున్నా," అంది, ఏదో తప్పు చేసినదానిలా. "నువ్వెలా ఉన్నావ్?"

"నాలుగు వందల ముప్పై మైళ్లయింది," అన్నాను.

"నేను కారు గురించి అడగలేదు."

మా అత్తయ్య రోజూ వాళ్ల పొద్దున ఆరింటికి, అంటే మా సాయంత్రం ఏడున్నరకి ఫోన్ చేస్తుంది. కాన్పుకి ఆవిడ రావాలి. వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. దొరికినట్టే దొరికి రెండుసార్లు రద్దయింది. కూతురి ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి నాకు చేసేది, కారు స్పీకర్లలో వినిపించేది. మూడో నెల దాకా పిల్లని గడప దాటించొద్దని, అందులోనూ పొద్దు వాలే వేళ అసలే వద్దని ఆవిడ నలభై సార్లు చెప్పి ఉంటుంది.

"ఏం బాబూ, అమ్మాయి ఫోన్ ఎత్తట్లేదు?"

"పడుకుంది అత్తయ్యా."

"మంచిది, పడుకోనివ్వండి. పాపో?"

"పాప కూడా పడుకుంది."

"ఆ గురగుర ఏమిటి?"

నేను మూడో గేర్‌లో, మూడు వేల దగ్గర ఉన్నాను. "డిష్‌వాషర్ అత్తయ్యా."

"అంత మోతా! అమెరికా సామాన్లు కదా, చప్పుడే ఉండదనుకున్నాను."

మర్నాడు మలుపు తిరగడానికి ఇండికేటర్ వేస్తే ఆ టిక్కు టిక్కు ఏమిటంది. గోడ గడియారం అన్నాను. "కొత్తది కొన్నారా?" అంది. కొన్నాం అన్నాను.

అబద్ధాలు ఆవిడతోనే కాదు. ఇక్కడ మనవాళ్ల ఇంట్లో బిడ్డ పుడితే ఎవరు కనపడినా అడిగే మొదటి మాట, ఇంటి నుంచి ఎవరొచ్చారు అని. ఎవరూ రాలేదంటే ఊరుకోరు. వంతులు వేసుకుని వండి పంపిస్తారు, వచ్చి కూర్చుంటారు. వాళ్లకీ ఉద్యోగాలు, పిల్లలు ఉన్నాయి, ఎందుకు ఇబ్బంది పెట్టడం అని మేమిద్దరం కాన్పుకి ముందే ఒక మాట అనుకున్నాం. ఎవరడిగినా, వచ్చే వారం అత్తయ్య వస్తున్నారు అని చెప్పాలి. రెండు వీధుల అవతల ఉండే ఆంటీ ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర ఏరుతూ నన్ను పట్టుకుంది.

"ఏం బిడ్డా, ఎవరొచ్చిన్రు ఇంటికెల్లి?"

"వచ్చే వారం మా అత్తయ్య వస్తున్నారాంటీ."

"మంచిగైంది. అమ్మ ఉంటే ఇగ రంది లేదు."

ఆవిడ ఒక డేకేర్‌లో చంటిపిల్లల గదిలో పద్దెనిమిదేళ్లు పనిచేసి మొన్న చలికాలంలో మానేసిందని నాకు తెలుసు. తెలిసీ అలాగే చెప్పాను. తర్వాతి వారం కనపడితే మళ్లీ వచ్చే వారం అన్నాను.

ఆరో రోజు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. ముందురోజు రాత్రి నేను ఎన్ని గంటలు పడుకున్నానో గుర్తు లేదు. సాయంత్రం ఏడుంపావుకి, ఇంటికి ముప్పై ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్నాను. ఎదురుగా ఎండ. రెండు పక్కలా చేలు. పాప నిద్రపోతోంది. యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు అని లోపల లెక్కపెట్టుకుంటున్నాను. యాభై ఏడు దాకా లెక్క గుర్తుంది.

బర్రుమని మోత. ఇక్కడి రోడ్ల అంచున గాడులు కోసి ఉంటాయి, చక్రం ఎక్కితే కారంతా అదురుతుంది. కళ్లు తెరిచేసరికి కుడి చక్రాలు రెండూ ఆ గాడుల మీద ఉన్నాయి. గాడులు దాటితే కంకర, కంకర దాటితే కాలువ. స్టీరింగ్ మెల్లగా ఎడమకి తిప్పాను. కారు రోడ్డు మీదికి వచ్చింది. పాప కనపడేలా వెనక సీటుకి తగిలించిన అద్దంలో చూశాను. పాప లేవలేదు. నోరు కాస్త తెరుచుకుని, అలాగే పడుకుని ఉంది.

అర మైలు ముందు ధాన్యం నిలవచేసే పెద్ద గోదాము, దాని ముందు కంకర పోసిన ఖాళీ స్థలం ఉన్నాయి. అక్కడ ఆపాను. ఇంజిన్ ఆపేశాను. భయపడేంత ఓపిక కూడా ఒంట్లో లేదనిపించింది. పాప నలభై సెకన్లకి ఏడవడం మొదలుపెట్టింది. కిందికి దిగి, పాపని తీసి భుజాన వేసుకుని, కారుకి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవడం మొదలుపెట్టాను. ఫోన్ మోగింది.

"ఏం బాబూ, పాప ఏడుస్తోందేం? అమ్మాయేదీ?"

"పడుకుంది అత్తయ్యా."

"పిట్టలు అరుస్తున్నాయి. కిటికీ తెరిచారా?"

చెప్పేశాను. డిష్‌వాషర్ కాదు, గడియారం కాదు, ఆరు రోజులుగా జరుగుతున్నది ఇదీ అని మొదటి నుంచీ చెప్పాను. బీపీ అంకెలు చెప్పాను. ఇందాక కళ్లు మూతపడిన సంగతి కూడా చెప్పాను. అవతల కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"మీరు ఎప్పుడు పడుకుంటున్నారు బాబూ?" అంది.

అలవాటు కొద్దీ షీట్ తెరవబోయాను. ఎనిమిది కాలమ్‌లు ఉన్నాయి. ఇంజిన్ నూనె ఏ రోజు ఎంత వేడెక్కిందో అందులో ఉంది. ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం లేదు.

"తెలీదత్తయ్యా."

"సరే. ఇప్పుడు నేను చెప్పింది వినండి. ఆ బండి మీరు నడపొద్దు. దాని దగ్గరే ఉండండి. మీ ఊళ్లో మనవాళ్లు ఇంతమంది ఉన్నారంటారు కదా, ఒక్కళ్లనైనా పిలవండి."

"అందరికీ మీరు వస్తున్నారని చెప్పాం అత్తయ్యా."

"అయితే నేను రాలేదని చెప్పండి," అంది. "అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఆ వీసా ఇచ్చేవాళ్లు పడాలి గానీ."

ఆంటీకి ఫోన్ చేశాను. "ఏడున్నవ్?" అంది. చెప్పాను. "పిల్లకు పాలున్నయా?" అంది. ఉన్నాయన్నాను. "మేం వస్తున్నం. నువ్ జర కూసో," అని పెట్టేసింది. యాభై నిమిషాల్లో వాళ్ల మినీవ్యాన్ కంకర మీదికి వచ్చి ఆగింది. ఆంటీ, అంకుల్ ఇద్దరూ దిగారు. ఆంటీ నేరుగా వచ్చి పాపని నా చేతుల్లోంచి తీసుకుని, బోర్లా ముంజేతి మీద పడుకోబెట్టుకుని, వీపు మీద తట్టడం మొదలుపెట్టింది. పాప రెండుసార్లు వెక్కి ఊరుకుంది.

"ఎవరూ రాలేదా?"

"రాలేదాంటీ."

"నలభై దినాల సంది మీరిద్దరేనా?"

తలూపాను.

"మీరు చదువుకున్నోళ్లే కదా!" అంది.

కార్‌సీట్ విప్పి వ్యాన్‌లో బిగించాను. సీటు సరైన వాలులో ఉందో లేదో చూపే నీటి బుడగ గీతల మధ్యకి వచ్చేదాకా సరిచేశాను. ఆంటీ పాపని తీసుకుని ముందు వెళ్లిపోయింది. నా కారుని అంకుల్ నడపాలి.

"నేను ఇండియాలో ఇరవై ఏండ్లు గేర్ల బండే నడిపిన బిడ్డా," అన్నాడు, సీటు ముందుకి జరుపుకుంటూ. "ఆరు గేర్లా? మైలేజ్ ఎంతిస్తది?"

"గ్యాలన్‌కి పద్దెనిమిది అంకుల్."

"పద్దెనిమిదా! మా వ్యాన్ ఇరవై నాలుగు ఇస్తది, ఏడుగురం కూసుంటం." ఒకసారి ఆగిపోయాక, రెండోసారి కారు కదిలింది. "నీకు నడపరాకపోయి ఉంటది. నేను చూపిస్త చూడు."

మనవాళ్లకి పెట్రోల్ మిగలడమంటే ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా పెద్ద గేర్ వేయడం. ఇరవై మైళ్లకి నాలుగో గేర్, ముప్పైకి ఐదు, ముప్పై ఐదు దాటగానే ఆరు. ఆర్‌పిఎం వెయ్యి దగ్గర ఉంది. ఇంజిన్ లోపల గుంయ్ గుంయ్ మని, కింద నేల దాకా వణుకు. టర్బో ఇంజిన్‌ని అలా లాగించడం కంటే పాపం ఇంకొకటి లేదు. కొత్త ఇంజిన్‌ని అయితే మరీ. నాలుగు వేల ఐదు వందలు దాటకుండా నేను కాపాడుకొచ్చిన వారమంతా ఈ ముప్పై ఎనిమిది మైళ్లలో పోతుందని నాకు తెలుసు. బేరింగుల మీద ఎంత భారం పడుతుందో, ఏ సిలిండర్‌లో ఏం జరుగుతుందో మనసులో బొమ్మ గీసుకోగలను.

"అంకుల్, ఒక గేర్ దింపండి," అన్నాను ఒకసారి.

"దింపితే పెట్రోల్ తాగుతది బిడ్డా. నువ్ పండుకో."

సీటు వెనక్కి వాల్చాను. ఇంజిన్ వణుకు వీపుకి తగులుతోంది. ఇంకోసారి చెబుదామనుకున్నాను. ఎక్కడ నిద్రపట్టిందో తెలియదు. లేచేసరికి మా గరాజ్ ముందు ఉన్నాం. అంకుల్ దిగి, కారు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. "ఇరవై మూడు ఇచ్చింది," అన్నాడు గర్వంగా.

లోపల నా భార్య సోఫాలో కూర్చుని ఏడుస్తోంది. పక్కన ఆంటీ కూర్చుని పాపకి పాలు పడుతోంది. ఆంటీ అంతా చెప్పేసింది. నన్ను చూసి తను, "కాలువలో పడి ఉంటే?" అంది. పక్కన కూర్చున్నాను. తన చేతికి బీపీ పట్టీ చుట్టి బటన్ నొక్కాను. నూట యాభై నాలుగు.

"నీ వల్లే," అంది, కళ్లు తుడుచుకుంటూ.

"అవును," అన్నాను.

మర్నాటి నుంచి ఆంటీ నాలుగున్నరకి వ్యాన్ వేసుకుని వచ్చేది. ఆ నాలుగు రోజులూ పాపని ఆవిడే తిప్పింది. మధ్యలో ఎక్కడెక్కడ ఆపాలో, ఎంత పాలు పట్టాలో నేను రాసిచ్చిన కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది గానీ, తీసి చదివినట్టు లేదు. తిరిగొచ్చాక ఎలా పడుకుందాంటీ అని అడిగితే, "హైవే మీద క్రూజ్ పెట్టిన. ఫోన్‌ల మా చెల్లెతోని మాట్లాడుకుంట పోయిన. కదల్లేదు," అనేది. మా అత్తయ్య ఆంటీ నంబర్ తీసుకుంది. రెండో రోజు నుంచి ఏడున్నర ఫోన్ నాకు రావడం మానేసింది. ఇద్దరూ ఆ వ్యాన్‌లో ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు.

ఆ నాలుగు సాయంత్రాలూ మేమిద్దరం పడుకున్నాం. మొదటి రోజు నాకు నిద్ర రాలేదు. పక్కన తను మూడు నిమిషాల్లో నిద్రపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను. రెండో రోజు తనకంటే ముందు నేనే పడుకున్నానట. లెక్క రాయలేదు.

చెకప్ అయిన పదమూడో రోజు మధ్యాహ్నం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నర్సు నా భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి అని బయటికి వెళ్లింది. పాప నా ఒళ్లో ఉంది. తను కళ్లు మూసుకుంది. నేను గోడ మీద కాన్పు బొమ్మల పటం చూస్తూ, నూట నలభై అయితే ఏం మాట్లాడాలి, నూట యాభై అయితే ఆసుపత్రికి ఏమేం సర్దాలి, పాపకి డబ్బా పాలు ఏవి కొనాలి అని వరస వేసుకుంటున్నాను. నర్సు వచ్చి బటన్ నొక్కింది. పట్టీ ఉబ్బింది. అంకెలు దిగడం మొదలైంది. తను కళ్లు తెరవలేదు.

నూట ముప్పై ఆరు, ఎనభై ఆరు.

డాక్టర్ వచ్చి చూసి, మళ్లీ తన చేత్తో చూసుకుంది. మాత్ర ఇంకో రెండు వారాలు వాడమంది. అడ్మిట్ అక్కర్లేదంది. "పాపని ఎవరు చూసుకుంటున్నారు? మీ అమ్మగారు వచ్చారా?" అని అడిగింది.

"రాలేదు," అంది నా భార్య. "రెండు వీధుల అవతల ఆంటీ ఉన్నారు."

పార్కింగ్‌లో కారు దగ్గర నిలబడ్డాం. సంతోషించాలని ఇద్దరికీ తెలుసు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. తను నా భుజానికి తల ఆనించి, "నాలుగు అవుతోంది, పద," అంది. పాపని వెనక కట్టాను. మీటర్ మీద ఆరు వందల డెబ్బై నాలుగు మైళ్లు. ఇంకా సగం దాకా మిగిలే ఉంది. రింగులు అతికాయో లేదో ఎప్పటికో గానీ తెలియదు. ఇంటికి వచ్చి కారు లోపల పెట్టి గరాజ్ తలుపు దించాను. మెట్ల మీద చెప్పులు విప్పుతుండగానే బయట వ్యాన్ ఆగిన చప్పుడైంది. నా భార్య తలుపు తీయడానికి వెళ్లింది. నేను పైకి వెళ్లి పడకగది కర్టెన్లు వేశాను.